నిద్ర లేచిన ల్యాప్‌టాప్ ఎందుకు బిగుసుకుపోతుంది?



ల్యాప్‌టాప్ వాడే ప్రతి ఇంట్లోనూ, ప్రతి ఆఫీసులోనూ ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈరోజు మాట్లాడుకుందాం. పని మధ్యలో మూత వేసి లేస్తాం. భోజనం చేసి వచ్చాకో, మర్నాడు పొద్దున్నో మూత తీస్తాం. తెర వెలుగుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. నిన్న తెరిచి పెట్టినవన్నీ పెట్టినట్టే కనిపిస్తాయి. అంతా బాగానే ఉందనుకుని ఒకదాని మీద క్లిక్ చేస్తాం. కదలదు. మళ్ళీ నొక్కుతాం. కిటికీ మొత్తం తెల్లగా పాలిపోతుంది. పైపట్టీలో 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. హ్యాంగ్ అయిపోయిందంటాం.

మన విశాఖలో ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, పోర్టు ఏరియాలో కస్టమ్స్ కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంట్ల గుమాస్తాలు, మధురవాడ, రుషికొండల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసుకునేవాళ్ళు, అందరూ చెప్పే మాటే ఇది. తరవాత జరిగేది కూడా అన్నిచోట్లా ఒకటే. మెషీన్ ఆరిపోయేదాకా పవర్ బటన్ నొక్కిపడతారు. నాలుగుసార్లు అలా జరిగాక విసుగెత్తి రిపేరు షాపుకి పట్టుకెళతారు. అక్కడ చాలాసార్లు వచ్చే సలహా 'ఫార్మాట్ కొట్టేద్దాం' అని.

ఫార్మాట్ కొట్టిన రోజు మెషీన్ కొత్తదానిలా పరుగెడుతుంది. కానీ జాగ్రత్త పడకపోతే పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు పోతాయి. ఆరునెలలు కూర్చుని రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు పోతుంది. దుకాణం లెక్కలు పోతాయి. కొన్నాళ్ళకి పాత ప్రోగ్రాములన్నీ మళ్ళీ ఎక్కించుకున్నాక, మూత తీయగానే ఆ పాత జబ్బే తిరిగి వస్తుంది. ఎందుకంటే జబ్బుకి మందు వేయలేదు. ఇల్లు ఖాళీ చేయించామంతే. మనుషులు ఇలా తమ కష్టార్జితాన్ని పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈ ప్రసంగం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నిద్ర లేచాక బిగుసుకుపోయిన ప్రోగ్రాం చాలావరకు చెడిపోయింది కాదు. అది దేనికోసమో ఎదురుచూస్తోంది. దేనికోసమో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు ఈ నిద్ర సంగతి చూద్దాం. 1996 చివర్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి ఒక ప్రమాణం రాసుకున్నాయి. దాన్ని ఏ.సి.పి.ఐ. అంటారు. కంప్యూటర్ ఎప్పుడు ఎంత కరెంటు తీసుకోవాలి, ఎలా పడుకోవాలి, ఎలా లేవాలి అన్న కట్టుబాట్లు అందులో ఉన్నాయి. దాని ప్రకారం నిద్రలో మెట్లున్నాయి. ఎస్-3 అనే మెట్టులో ప్రాసెసర్, తెర, డిస్క్ అన్నీ ఆగిపోతాయి. తాత్కాలిక జ్ఞాపకశక్తి అయిన ర్యామ్‌కి మాత్రం సన్నగా కరెంటు అందుతూ ఉంటుంది. మీరు తెరిచి పెట్టిన పనంతా ఆ ర్యామ్‌లోనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే అదీ పోతుంది. ఎస్-4 అంటే హైబర్నేట్. ఇందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి, మెషీన్ పూర్తిగా ఆరిపోతుంది. బ్యాటరీ అయిపోయినా పని పోదు. లేవడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మరో రకం నిద్ర వచ్చింది. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అని మొదలై, విండోస్ 10 నాటికి మోడర్న్ స్టాండ్‌బై అయింది. సెల్‌ఫోన్ ఎలాగైతే తెర ఆరినా లోపల మేలుకునే ఉంటుందో, ఇదీ అలాంటిదే. మూత వేసినా మెషీన్ పూర్తిగా పడుకోదు. మధ్యమధ్యలో లేచి మెయిల్ చూసుకుంటుంది, అప్‌డేట్లు దింపుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌ది ఏ రకం నిద్రో తెలుసుకోవడం తేలిక. స్టార్ట్ మెనూలో సి-ఎం-డి అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో పవర్ అనే మాటకి ఖాళీ లేకుండా సి, ఎఫ్, జి అక్షరాలు చేర్చి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత, ఏ అక్షరం కొట్టండి. మీ మెషీన్‌లో ఏయే నిద్రలు ఉన్నాయో, ఏవి లేవో వరసగా చెబుతుంది. ఉన్నవాటిలో ఎస్-3 అని ఉంటే పాత తరహా నిద్ర. 'ఎస్-0 లో పవర్ ఐడిల్' అని ఉంటే కొత్త తరహా నిద్ర.

నిద్ర ఏ రకమైనా, లేవడం అనేది స్విచ్చి నొక్కితే బల్బు వెలిగినట్టు జరగదు. మన ఊళ్ళో దీనికి మంచి ఉదాహరణ ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. అలాంటి ఫర్నేసుని కొన్నాళ్ళు ఆపాల్సి వస్తే చల్లార్చేయరు. కోకు ఎక్కువగా వేసి, వేడిగాలి ఆపి, గాలి దూరే ట్యూయర్లను మట్టితో మూసి, లోపలి వేడి నిలబెడతారు. దీన్ని బ్యాంకింగ్ అంటారు. మళ్ళీ నడిపించేటప్పుడు ట్యూయర్లు కొన్నికొన్నిగా తెరుస్తూ, గాలి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారు. ఈలోగా అవతల స్టీల్ మెల్ట్ షాపులో పని ఆగితే, మెల్ట్ షాపు పాడైపోయిందని ఎవరూ అనరు. కరిగిన ఇనుము ఇంకా రాలేదంటారు. ఆగింది ఒకచోట, కారణం ఇంకోచోట. ల్యాప్‌టాప్‌లో కూడా సరిగ్గా ఇంతే. ఆగి కనబడేది ఎక్సెల్, క్రోమ్, టాలీ. కారణం మాత్రం వాటి వెనకాల ఇంకా తేరుకోని ఏదో ఒక భాగం.

ఆ భాగాలు ముఖ్యంగా నాలుగు. ఒకటి నెట్‌వర్క్, రెండు తెరని నడిపే గ్రాఫిక్స్, మూడు డిస్కూ ర్యామూ, నాలుగు ఒక్కసారిగా మీద పడే పనులు. ఒక్కొక్కటే చూద్దాం.

నెట్‌వర్క్‌తోనే మొదలుపెడతాను, ఎక్కువసార్లు పట్టుబడే దొంగ ఇదే కాబట్టి. పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఆఫీసులో నేను దగ్గరుండి చూసిన సంగతి చెబుతాను. మధ్యాహ్నం భోజనానికి వెళుతూ గుమాస్తా మూత వేశాడు. తిరిగొచ్చి తీశాడు. ఎక్సెల్‌లో కంటైనర్ల జాబితా తెరిచి ఉంది. ఒక గడిలో అంకె కొట్టాడు. కర్సర్ గుండ్రంగా తిరగడం మొదలైంది, షీటు పాలిపోయింది. "ఏటి సార్ ఇది, మళ్ళీ హ్యాంగయిపోనాది" అంటూ పవర్ బటన్ మీద వేలు పెట్టాడు. "ఆగు బాబూ, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. కింద మూలన వైఫై గుర్తు చూస్తే, అక్కడ భూగోళం బొమ్మ ఉంది. అంటే నెట్ ఇంకా అందలేదు. ఆ ఎక్సెల్ ఫైలు అతని మెషీన్‌లోది కాదు. పక్కగదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఫైలుని జెడ్ డ్రైవ్ అనే పేరుతో ఇక్కడ తెరిచాడు. ఎక్సెల్ ఆ పక్కగది కంప్యూటర్‌ని పిలుస్తోంది, దారి ఇంకా పడలేదు. వైఫై ఆపి మళ్ళీ పెట్టించాను. కాసేపటికి భూగోళం పోయి వైఫై చారలు వచ్చాయి. ఇంకాసేపటికి పాలిపోయిన షీటుకి రంగు వచ్చింది. అతను కొట్టిన అంకె దానంతటదే గడిలో పడింది. పొద్దుట్నించీ సేవ్ చేయని పనంతా క్షేమంగా ఉంది. ఆ బటన్ నొక్కి ఉంటే అంతా పోయేది.

లోపల జరిగింది ఇది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు వాటి మధ్య ఒక కనెక్షన్ ఉంటుంది. మన మెషీన్ పడుకుంటే అవతలిది కొంతసేపు చూసి, జవాబు లేదని తన వైపు తెంచేసుకుంటుంది. మధ్యలో ఉన్న రౌటర్ కూడా ఆ దారిని మరిచిపోతుంది. మన మెషీన్‌కి ఆ సంగతి తెలియదు. లేవగానే పాత కనెక్షన్ మీదే మాట పంపుతుంది. జవాబు రాదు. కాసేపు ఆగి మళ్ళీ పంపుతుంది. ఈసారి ఆగే వ్యవధి రెట్టింపు చేస్తుంది. అలా కొన్నిసార్లు ప్రయత్నించి గాని ఆశ వదులుకోదు. బాగా రాసిన ప్రోగ్రాం అయితే ఈ ఎదురుచూపుని పక్కన పెట్టి, మనతో మాట్లాడుతూనే ఉంటుంది. సరిగ్గా రాయని ప్రోగ్రాం అయితే, తెర మీద బొమ్మ గీసే చేతితోనే నెట్ కోసం కూడా ఎదురుచూస్తుంది. అందుకే మొత్తం బిగుసుకుపోతుంది. ఒక కిటికీ మన క్లిక్కులకి 5 సెకన్లపాటు స్పందించకపోతే విండోస్ దాన్ని పాలిపోయినట్టు చూపించి, నాట్ రెస్పాండింగ్ అని రాస్తుంది. అది మరణవార్త కాదు. 5 సెకన్లుగా పలకడం లేదని చెప్పడం మాత్రమే.

గాజువాకలో ఇంటి వైఫై మీద మూత వేసి, సిరిపురంలో ఆఫీసు వైఫై మీద తీస్తాం. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఫోన్ హాట్‌స్పాట్ మీద తీస్తాం. ఊరూ మారింది, దారీ మారింది, ప్రోగ్రాం మాత్రం పాత దారినే పట్టుకుని ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దూరంనుంచి చేరే వి.పి.ఎన్. వాడేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. కాబట్టి వి.పి.ఎన్. తెంచి మూత వేయడం, మూత తీశాక ముందు నెట్, తరవాత వి.పి.ఎన్., ఆ తరవాతే మిగతా పని అనే వరస అలవాటు చేసుకోండి. కస్టమ్స్ వారి ఐస్‌గేట్ లాంటి వెబ్‌సైట్లలో, బ్యాంకు వెబ్‌సైట్లలో లాగిన్ అయి ఉండగా మూత వేయకండి. సమయం మించిపోతే వాళ్ళే మనని బయటికి పంపేస్తారు. సగం నింపిన ఫారం పోతుంది. లాగౌట్ చేసి మూత వేయండి.

రెండోది గ్రాఫిక్స్. తెరని నడిపే చిప్ కూడా పడుకుని లేస్తుంది. దాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. అది సరిగ్గా తేరుకోకపోతే, ఆ చిప్ సాయంతో బొమ్మలు గీసే ప్రోగ్రాములు, ముఖ్యంగా క్రోమ్ వంటి బ్రౌజర్లు, వీడియో కాల్ యాప్‌లు, ఆటోక్యాడ్ లాంటివి నిలిచిపోతాయి. గుర్తుపట్టడం ఎలా? పాట వినబడుతూనే ఉంటుంది, బొమ్మ ఆగిపోతుంది. లేదా తెర నల్లగా ఉండి మౌస్ బాణం ఒక్కటే కదులుతుంది. దీనికి ఒక కిటుకు ఉంది, రాసుకోండి. విండోస్ గుర్తున్న మీట, కంట్రోల్, షిఫ్ట్, ఈ మూడూ కలిపి పట్టుకుని బి అక్షరం నొక్కండి. మరోసారి చెబుతున్నాను, విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి. తెర ఒక్కసారి మిణుక్కుమంటుంది, చిన్న చప్పుడు రావచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే కొత్తగా మొదలవుతుంది. తెరిచి ఉన్న పనికి సాధారణంగా ఏమీ కాదు. బయటి మానిటర్ తగిలించి ఉంటే ఒకసారి దాని తీగ ఊడదీసి చూడండి.

మూడోది డిస్కూ ర్యామూ. పాత ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. నిద్రలో తిరగడం ఆగిపోతుంది. లేచాక మళ్ళీ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉండి, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టారనుకోండి, ర్యామ్‌లో పట్టని సామానంతా డిస్క్ మీద పెట్టి ఉంటుంది. లేవగానే అదంతా వెనక్కి తెచ్చుకోవాలి. ఇక్కడ మందు ఫార్మాట్ కాదు. తిరిగే డిస్క్ స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. వేయించడం, వీలుంటే ర్యామ్ 8 జీబీకి పెంచడం. పాత మెషీన్‌కి ఇంతకన్నా మేలు చేసేది ఇంకోటి లేదు.

నాలుగోది ఒక్కసారిగా మీద పడే పనులు. రాత్రంతా పడుకున్న మెషీన్ పొద్దున్న లేచేసరికి గడియారం ఎనిమిది గంటలు ముందుకి దూకినట్టు ఉంటుంది. రాత్రి జరగాల్సిన యాంటీవైరస్ తనిఖీ, విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, వాట్సాప్, మెయిల్ అన్నీ తమ వంతు దాటిపోయిందని ఒకేసారి లేస్తాయి. ఆ రద్దీలో మీరు తెరిచిన ప్రోగ్రాంకి వంతు రాదు. దీనికి మందు ఓపికే. మూత తీశాక రెండు నిమిషాలు వదిలేయండి. ఈలోగా టీ తెచ్చుకోండి.

ఇక చేతల్లోకి వద్దాం. మూత తీశారు, ప్రోగ్రాం బిగుసుకుపోయింది. ఏ వరసలో ఏం చేయాలి?

మొదట, మళ్ళీ మళ్ళీ క్లిక్ చేయకండి. ఒక్కో క్లిక్కూ వరసలో చేరుతుంది. ప్రోగ్రాం తేరుకున్నాక అవన్నీ ఒకదాని తరవాత ఒకటి అమలవుతాయి, అక్కర్లేనివి నొక్కుకుపోతాయి. రెండు నిమిషాలు ఆగండి. రెండోది, వైఫై గుర్తు చూడండి. నెట్ లేకపోతే వైఫై ఆపి మళ్ళీ పెట్టండి. మూడోది, ఇందాక చెప్పిన విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి. నాలుగోది, అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది.

టాస్క్ మేనేజర్ అనగానే అందరూ ఎండ్ టాస్క్ నొక్కేస్తారు. తొందరపడకండి. అందులో డీటెయిల్స్ అని ఒక విభాగం ఉంది. అక్కడ మీ ప్రోగ్రాం పేరు మీద కుడి క్లిక్ చేస్తే 'ఎనలైజ్ వెయిట్ చెయిన్' అని కనబడుతుంది. అది నొక్కండి. ఈ ప్రోగ్రాం మరో ప్రోగ్రాం కోసం కాచుకుని ఉంటే ఆ రెండోదాని పేరు చూపిస్తుంది. ఒక్కోసారి వర్డ్ ఆగడానికి కారణం ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అని ఇక్కడే తేలిపోతుంది. అప్పుడు ఆ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ని ఆపితే వర్డ్ దానంతటదే కదులుతుంది, మీరు రాసుకున్నది దక్కుతుంది. కింద టాస్క్‌బార్ ఒక్కటే పలకకపోతే, అదే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ అనండి. ఇవన్నీ అయ్యాకే ఎండ్ టాస్క్. ఇక పవర్ బటన్ నొక్కిపట్టడం అన్నిటికన్నా చివర. మ్యాక్ వాడేవాళ్ళు ఆప్షన్, కమాండ్, ఎస్కేప్ కలిపి నొక్కితే బిగుసుకున్న దాన్ని మూసే పట్టిక వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఒక్క ప్రోగ్రామే ఆగి మిగతావి పనిచేస్తుంటే చిక్కు చిన్నది. మౌస్ బాణం కూడా కదలక, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం కూడా మారకపోతే చిక్కు లోతున ఉంది, డ్రైవర్ల స్థాయిలో. ఆ లోతున జరిగే పొరపాటు ఎంత దూరం పోతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక లోపమున్న అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ మెషీన్లు కూలిపోయాయి. మన దేశంలో కూడా విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే పడుతుంది. అంత లోతున ఉన్న సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే మెషీన్ మొత్తం పడిపోతుంది. అందుకే డ్రైవర్లని మీ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఉచితంగా బాగుచేస్తామని ఊరించే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

ఇదే చిక్కు పదేపదే వస్తుంటే సాక్ష్యం వెతకాలి. విండోస్ రోజూ చిట్టా రాసుకుంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. తేదీలవారీగా ఏ ప్రోగ్రాం ఏ రోజున పలకడం మానేసిందో ఎర్ర గుర్తులతో ఉంటుంది. నాలుగు ఎర్ర గుర్తులూ ఒకే ప్రోగ్రాంవైతే దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా తీసి మళ్ళీ వేయండి. నాలుగూ నాలుగు రకాలైతే అడుగున ఉన్న డ్రైవర్‌ని అనుమానించండి. ఆ చిక్కులు ఏ రోజున మొదలయ్యాయో, దానికి ముందురోజు ఏం ఎక్కించారో కూడా అక్కడే కనబడుతుంది.

తరవాత పరీక్షలు. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. వైఫై ఆపేసి మూత వేసి తీయండి, చిక్కు వచ్చిందా? బయటి మానిటర్, పెన్ డ్రైవ్, ప్రింటర్ తీగలన్నీ తీసేసి చూడండి, వచ్చిందా? బ్రౌజర్ ఒక్కటే ఆగుతుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (పాత వెర్షన్లలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్) అని ఒక మీట ఉంటుంది, అది ఆపి చూడండి. నెట్ ప్రతిసారీ ఆలస్యంగా వస్తుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరవండి. పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్ తీసేయండి. మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే చిక్కు పోయినా ఎందుకు పోయిందో తెలియదు. తెలియని మందు రెండోసారి పనికిరాదు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది పెట్టి ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గాని, విండోస్ గుండెకాయ పూర్తిగా ఆరిపోదు. దాన్ని డిస్క్ మీద రాసి పెట్టుకుని, పొద్దున్న అక్కణ్ణించే లేపుతుంది. అంటే రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా లోపలి డ్రైవర్లకి నెలల తరబడి కొత్త జన్మ లేదు. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటినుంచీ మొదలవుతాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సి.పి.యు. అనే చోట 'అప్ టైమ్' చూడండి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నానని అనుకునేవాళ్ళు కూడా అక్కడ నలభై రోజులు అని చూసి ఆశ్చర్యపోతుంటారు. వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయండి. డబ్బు ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

ఇక మన ఊరి వాతావరణం మాట. ఎండలో, ఉక్కలో మూత వేసిన ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టి బస్సెక్కుతాం. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న మెషీన్ సంచిలో కూడా అప్పుడప్పుడు మేలుకుంటుంది. గాలి ఆడదు, వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. దించి చూస్తే చెయ్యి కాలుతుంది. అలాంటి వేడిలో లేచిన మెషీన్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకని కాసేపటికి అయితే నిద్ర, సంచిలో పెట్టేటప్పుడూ రాత్రి పడుకునేటప్పుడూ హైబర్నేట్ అని పెట్టుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే, మూత వేసినప్పుడు ఏం జరగాలో మీరే నిర్ణయించవచ్చు. అలాగే, ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని సముద్రపు గాలి తగిలే వరండాలోకి తెచ్చి వెంటనే తెరవకండి. చల్లటి లోహం మీద తేమ పడుతుంది. సంచిలోనే పావుగంట ఉండనివ్వండి. అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అది సాఫ్ట్‌వేర్ గొడవ కాదు. బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ తీసేసి, మెషీన్ ఆపేసి, ఆలస్యం చేయకుండా మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే వట్టి చేతులతో వెళ్ళకండి. 'హ్యాంగ్ అవుతోంది' అని మాత్రం చెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఫలానా తేదీ నుంచి, మూత తీసినప్పుడే, ఈ ప్రోగ్రాం, వైఫై ఆపితే రావడం లేదు, మానిటర్ తీస్తే రావడం లేదు అని చెప్పండి. రిలయబిలిటీ చిట్టాని ఫోన్‌తో ఫోటో తీసి చూపించండి. మన విశాఖలో చేయి తిరిగిన మెకానిక్‌లకి కొదవలేదు. వివరం చెబితే వాళ్ళు అసలు కారణం దగ్గరికి సూటిగా వెళతారు. ఫార్మాట్ తప్పదని తేలితే, ముందు మీ ఫైళ్ళన్నీ బయటి డిస్క్ మీదకి కాపీ చేయించి, ఆ కాపీలో నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకుని, అప్పుడు సరేననండి.

చివరిగా ఒక అలవాటు. మూత మీద చెయ్యి వేసే ముందు కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కండి. పని సేవ్ అవుతుంది. వర్డ్, ఎక్సెల్ తమంతట తాము 10 నిమిషాలకోసారి దాచుకుంటాయి. ఆప్షన్స్‌లో సేవ్ అనే చోట దాన్ని రెండు మూడు నిమిషాలకి తగ్గించుకోండి. అప్పుడు ఎంత బిగుసుకుపోయినా పోయేది రెండు మూడు నిమిషాల పనే, మీ కంగారూ అంతవరకే.

ల్యాప్‌టాప్ విలువ దాని ధరలో లేదు. మీరు అందులో పెట్టుకున్న పనిలో ఉంది. పరీక్షకి చదువుకునే అమ్మాయి నోట్సు, చిన్న వ్యాపారి లెక్కలు, రిటైరైన తాతగారు రాసుకుంటున్న జీవితకథ, వీటికి రెండో ప్రతి ఎక్కడా దొరకదు. అలాంటి పనిని ఒక వైఫై చార ఆలస్యమైనందుకు పోగొట్టుకోకండి. ఈసారి తెర పాలిపోయినప్పుడు కోపంగా బటన్ నొక్కేముందు, ఇది దేనికోసం కాచుకుని ఉంది అని ఒక్కసారి అడగండి. జవాబు చాలాసార్లు మీకే దొరుకుతుంది. దొరికిన జవాబుని పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి.